కొత్త టూరింగ్ బండి: కరెంటు సామాన్లతో తలనొప్పి

ప్రశ్న (అమలాపురం): బండి తీసుకుని 3 నెలలండి. హెల్మెట్ బ్లూటూత్ మాటిమాటికీ తెగిపోతోంది. మ్యాప్ పెడితే యూఎస్‌బీలో ఛార్జింగ్ ఎక్కట్లేదు. పొద్దున్నే స్క్రీన్ లోపల ఆవిరి. నాలుగు రోజులు తియ్యకపోతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. షోరూమ్‌లో "అప్‌డేట్ వస్తుంది" అంటారంతే.

రావులపాలెం: సెల్ఫ్ సంగతి ఏ అప్‌డేటూ తేల్చదండి, ముందు అది చూడండి. రాత్రంతా ఆపిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ రేజ్ చేస్తే 14 దగ్గరికి రావాలి. రెండూ బాగుంటే కరెంటు కారుతోందేమో చూడాలి. తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, మల్టీమీటర్‌ని (కరెంటు కొలిచే మీటర్) 10 ఆంపియర్ల మీద పెట్టి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో కలపండి. మీటర్ ఉండగా తాళం తిప్పారో, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోవచ్చు. కొన్ని నిమిషాలు ఆగాక కూడా 50 మిల్లీఆంపియర్లు చూపిస్తే రోజుకి 1.2 ఆంపియర్-అవర్లు పోతున్నట్టే. 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీకి నాలుగు రోజుల్లో సగం పైనే ఖాళీ! ఫ్యూజులు ఒక్కోటీ పీకి చూడండి. ఎక్కువసార్లు దొంగ, బయట బిగించిన ట్రాకరో (బండి ఎక్కడుందో చెప్పే పరికరం) ఫాగ్ లైటో.

భీమవరం: 5 వోల్టులు, 2 ఆంపియర్ల పోర్టంటే 10 వాట్లే. ఎండలో జీపీఎస్, ఫుల్ బ్రైట్‌నెస్ దాన్ని మింగేస్తాయి. ఫోన్ వేడెక్కితే ఛార్జింగ్ తనే తగ్గించేసుకుంటుంది. 20 వాట్ల పీడీ (ఫాస్ట్ ఛార్జింగ్) ఛార్జర్‌ని రిలే (తాళం ఆన్ చేస్తేనే కరెంటు వదిలే స్విచ్) ద్వారా, 3 ఆంపియర్ల ఫ్యూజుతో పెట్టించండి. బ్లూటూత్‌కి ఫోన్, బండి, హెల్మెట్ మూడింట్లోనూ పాత పెయిరింగ్ చెరిపేసి మళ్లీ కలపండి. బండి యాప్‌కి బ్యాటరీ సేవర్ ఆపెయ్యాలి.

యానాం: ఎండెక్కాక పోయే ఆవిరి మామూలే. చుక్కలు కట్టి నిలిచిపోతే ఫొటో తీసి వారంటీలో అడగండి. తడి బండికి కవర్ కప్పకండి, స్క్రీన్‌కి ప్రెజర్ వాటర్ కొట్టించకండి. మనది ఉప్పుగాలి, వైర్ల కనెక్టర్లకి తడి చేరనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయించండి.

అమలాపురం: ఆయ్, ట్రాకర్ నేరుగా బ్యాటరీకే ఉందండి. రేపు మీటర్ పెట్టి చూస్తా.