ఇండియా వెళ్ళేముందు పల్లెలో ఉన్న స్నేహితుల్ని చూసి రావాలా, ఇల్లు ఖాళీ చేసే పని చూసుకోవాలా?

పారిస్ గుంటూరోడు: నెలాఖరుకి సామానంతా సర్దుకుని హైదరాబాద్ వెళ్ళిపోతున్నాం. నా పాత కొలీగ్ రిటైరై, భార్యతో నైరుతి ఫ్రాన్స్‌లోని దొర్దోన్ జిల్లాలో, సార్లా అనే ఊరి దగ్గర ఒక పల్లెలో ఉంటున్నారు. చెప్పకుండా వెళ్తే ఊరుకోం అంటున్నారు. మా ఆవిడేమో ఇంత పని పెట్టుకుని ఇప్పుడు షికార్లేంటి అంటోంది. మీరేమంటారు?

లియోన్ బాబాయ్: మీ ఆవిడ మాటే కరెక్ట్. పారిస్‌లో ఓస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి సార్లా వైపున్న బ్రీవ్ ఊరికి రైల్లోనే నాలుగు గంటల పైమాట. అక్కణ్ణుంచి వాళ్ళ కారే దిక్కు. ఇక్కడ అద్దె ఇల్లు అప్పగించేరోజు ఏజెన్సీ వాళ్ళు కుళాయి మీద తెల్ల మరక కూడా రాసుకుంటారు. ఇంట్లో చేరినప్పటికీ ఇప్పటికీ తేడా లేకపోతే డిపాజిట్ నెలలో ఇవ్వాలి, ఉంటే రెండు నెలలు. అప్పటికి మీరు హైదరాబాద్‌లో ఉంటారు. ఫోన్లో, ఫ్రెంచ్‌లో ఎవరితో పోట్లాడతారు?

బోర్దో కోడలు: మరకలకి వైట్ వెనిగర్ ఉంది బాబాయ్ గారూ, అరగంట పని. మళ్ళీ వస్తాంలే అని అందరం అంటాం. రెసిడెన్స్ కార్డు చేతిలో ఉంది కాబట్టి ఇవాళ రైలు టికెట్ కొంటే చాలు. రేపు ఇండియా నుంచి రావాలంటే షెంగెన్ వీసా. వాళ్ళింట్లోనే దిగాలంటే ఆయన తన ఊరి మేరీకి, అంటే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, 30 యూరోలు కట్టి, వీళ్ళు మా అతిథులని కాగితం పుట్టించాలి. ఆ వయసులో ఆయన్ని అంత తిప్పిస్తారా?

లియోన్ బాబాయ్: అంత అభిమానముంటే వాళ్ళే పారిస్ రావచ్చుగా?

బోర్దో కోడలు: కోళ్ళని ఎవరు చూస్తారండీ! అయినా అక్కడ భోజనానికి పిలవడమంటే మధ్యాహ్నం ఒంటిగంటకి కూర్చుంటే నాలుగైనా లేవరు. స్టేషన్ పక్క కాఫీతో తేల్చేస్తే అదేం వీడ్కోలు?

తులూజ్ శాకాహారి: నా ఓటు వెళ్ళమనే. కానీ మీరు మాంసం తినకపోతే ముందే చెప్పండి. ఆ ప్రాంతంలో బాతు లేనిదే ముద్ద దిగదు. సార్లా పేరుతోనే ఒక ఆలుగడ్డల వేపుడు ఉంది. వెల్లుల్లి దట్టించి, అంచులు ఎర్రగా కరకరలాడుతూ అచ్చం మనింటి వేపుడులా ఉంటుంది. వేయించేది మాత్రం బాతు కొవ్వులో. అడగకపోతే ఎవరూ చెప్పరు, వాళ్ళకది నూనె కిందే లెక్క. బుధవారం, శనివారం పొద్దున సార్లాలో సంత, అది చూసుకుని వెళ్ళండి. చివరి వారాంతం మాత్రం వద్దు. రైలు రద్దయితే ఇల్లు అప్పగించడమూ పోయె, ఫ్లైటూ పోయె. ఇంకోటి, డిపాజిట్ పడేదాకా బ్యాంకు ఖాతా మూసేయకండి.

పారిస్ గుంటూరోడు: మంగళవారం వెళ్ళి గురువారం వచ్చేద్దామంటే మా ఆవిడ "చూద్దాంలే" అంది. సగం ఒప్పుకున్నట్టే.

లియోన్ బాబాయ్: సరే, వెళ్ళండి. ఓవెన్ తోమేసి వెళ్ళండి.