పిడుదు కరిచింది, లైమ్ జ్వరం వస్తుందా?

ఉదయగిరి జీవాలు:
మొన్న జీవాల్ని కొండవైపు తోలుకెళ్లి వచ్చాక మా నాయన మోకాలి వెనక పిడుదు కనిపించింది. రక్తం తాగి కందిగింజంత ఉబ్బింది. లాగితే వచ్చింది గానీ నోరు లోపలే తెగినట్టుంది. అమెరికాలో ఉండే మా బావ లైమ్ వ్యాధి, జాగ్రత్త అంటున్నాడు. ఒకటే టెన్షన్. మన వైపు ఎవరికన్నా వచ్చిందా?

కావలి కోడలు:
తమ్ముడూ, నోటి ముక్క మిగిలినా కంగారు పడొద్దు, కొన్నాళ్లకు అదే ఊడిపోతుంది. సబ్బుతో కడగండి. మా అత్తగారింట్లో కిరోసిన్ పోసేవాళ్లు, అగ్గిపుల్లతో కాల్చేవాళ్లు. అది తప్పు. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. గోళ్లతో నలపొద్దు.

పశువుల డాక్టరు:
లైమ్ అనేది అమెరికాలో ఒక ఊరి పేరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు కీళ్లవాపులు వస్తే ఆరా తీశారు. దాని బ్యాక్టీరియాను మోసేవి ఇక్సోడిస్ జాతి పిడుదులు. మన గొడ్ల మీద ఎక్కువగా కనిపించేవి వేరే జాతులు. అయినా నెల రోజులు గమనించండి. కరిచిన చోట ఎర్రమచ్చ రోజురోజుకీ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించి, పిడుదు కరిచిందని మీరే చెప్పండి.

చీమకుర్తి చిన్నోడు:
అన్నా, మన దగ్గర ముందు భయపడాల్సింది స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి. మా అమ్మ కాలవగట్టున గడ్డి కోసుకొచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్ అన్నారు, డెంగీ అన్నారు. మాత్రలు, సెలైన్లు, ఎనిమిది రోజులు. జ్వరం దిగలేదు, ఆయాసం మొదలైంది. ఒంగోల్లో ఒక డ్యూటీ డాక్టరమ్మ తలుపు వేసి ఒళ్లంతా చూసింది. లంగా బొందు కట్టే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. అందుకే అమ్మ ఎవరికీ చెప్పలేదు. స్క్రబ్ టైఫస్ అని చెప్పి, డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది. ఎనిమిది రోజులూ నేను అమ్మ పక్కనే ఉన్నాను. చూడాలని నాకు తెలియదు.
ఇది పిడుదు వల్ల రాదు. కంటికి ఆనీ ఆనని చిగ్గర్ పురుగు కుట్టడం వల్ల వస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. పెచ్చు అందరికీ కనిపించదు కూడా. అందుకే పొలం వెళ్లొచ్చిన మనిషికి జ్వరం వస్తే స్క్రబ్ టెస్టు చేయమని అడగండి. ఆ మందు మాత్రం డాక్టరు రాస్తేనే వాడండి.

కావలి కోడలు:
చంకలు, గజ్జలు, రొమ్ముల కింద కూడా చూడాలి. ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు, ఇంట్లో ఆడవాళ్లే చూడాలి.

ఉదయగిరి జీవాలు:
రాత్రి టార్చి వేసి నాయన ఒళ్లంతా చూశాను. కరిచిన చోట చిన్న ఎరుపే, ఇంకేం లేదు. ఫోటో తీసి, క్యాలెండర్ మీద తేదీ రాసిపెట్టాను. జీవాలకు మందు కొట్టించడానికి రేపు పశువుల ఆస్పత్రికి పోతున్నా.