టి.పి. రాజలక్ష్మి తొలి టాకీ పాటల పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

తమిళ టాకీల తొలి హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి గురించి రాస్తున్నాను. తిరువయ్యారులో పుట్టి, నాటకాల నుంచి వచ్చి, 1936లో 'మిస్ కమల' తానే తీసి డైరెక్ట్ కూడా చేసింది (ఆ రోజుల్లో ఎంత ధైర్యమో!). అదంతా దొరికింది. చిక్కు 1931 నాటి 'కాళిదాస్' దగ్గరే. హెచ్.ఎం. రెడ్డి డైరెక్ట్ చేసిన ఆ సినిమాలో ఆమె తమిళంలో, హీరో తెలుగులో మాట్లాడతారు, త్యాగరాజ కీర్తనలు కూడా ఉన్నాయి. ప్రింట్ మిగల్లేదు. యూట్యూబ్, ఆర్కైవ్ సైట్లు తమిళం, తెలుగు, ఇంగ్లిష్ స్పెల్లింగులన్నిటితో వెతికాను, చెన్నైలో ఒక లైబ్రరీకి మెయిల్ పెడితే జవాబు లేదు, పాత పుస్తకాల షాపుల్లో 1940ల తర్వాతవే ఉన్నాయి. ఆమె పాడిన తెలుగు పాటలేవో తేల్చుకోవాలి. 'కాళిదాస్' పాటల పుస్తకం, స్కాన్ కాపీ అయినా సరే, ఎక్కడ చూడొచ్చో ఎవరికైనా తెలుసా?