ఇంక్‌జెట్ ప్రింటు మీద ‘38/250’ అని రాస్తే లిమిటెడ్ ఎడిషన్ అయిపోతుందా?

ఖాళీగోడ: హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో అబ్‌స్ట్రాక్ట్ ప్రింటు చూశాను. ఆర్టిస్టు తన పెయింటింగునే స్కాన్ చేయించి, మందపాటి కాటన్ పేపరు మీద ఇంక్‌జెట్‌లో తీయించాడు. కింద పెన్సిల్‌తో 38/250 అనే నంబరు (అంటే 250 ప్రింట్లలో 38వది), సంతకం. నలభై వేలట. దీన్ని ప్రింటు అనాలా, ఖరీదైన పోస్టరు అనాలా? మా ఇంట్లో ఇప్పటికే రెండు పార్టీలయ్యాయి.

జింకురేకు: పోస్టరే, అనుమానం లేదు. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్ల కళాకారుడు కృష్ణారెడ్డి పారిస్‌లో, బ్రిటిష్ కళాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ల వర్క్‌షాపులో ఏం చేశారో చూడండి. ఒకే లోహపు రేకును ఎత్తుపల్లాలుగా చెక్కేవారు. నూనె ఎక్కువున్న రంగును గట్టి రోలరుతో పైపైన, చిక్కటి రంగును మెత్తటి రోలరుతో లోతుల్లోకి పట్టించేవారు. నూనె రంగు ఉన్నచోట చిక్కటి రంగు అంటుకోదు. అలా అన్ని రంగులూ ఒక్క అచ్చులోనే కాగితం మీదికి దిగుతాయి. తర్వాతి ప్రింటుకు మళ్ళీ రంగులన్నీ మొదటి నుంచి పట్టించాల్సిందే. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ అలా వచ్చిందే. అది ఏ కాన్వాసుకూ నకలు కాదు.

పిక్సెల్‌పంతులు: రేకు మీద ప్రేమ సరే సార్, కంప్యూటర్లోనే పుట్టిన బొమ్మ సంగతేంటి? బ్రిటిష్ చిత్రకారుడు హాక్నీ ఐప్యాడ్ మీద గీసి ప్రింట్లుగా అమ్మాడు. అక్కడ ప్రింటే ఒరిజినల్. అంతెందుకు, మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా బిందువు బొమ్మల సెరిగ్రాఫుల్లో (స్క్రీన్ ప్రింట్లలో) చాలావరకు పెయింటింగుల ఆధారంగా చేసినవే. జనం కళ్ళకద్దుకుని కొంటున్నారుగా!

జింకురేకు: కంప్యూటర్లో పుట్టినదాంతో నాకు పేచీ లేదు. ఇక్కడ అసలు బొమ్మ కాన్వాసు మీద వేరే ఉంది కదా, నా గొడవంతా దాని గురించే. సెరిగ్రాఫ్‌కు కనీసం రంగులు విడదీసి, ఒక్కో రంగుకూ ఒక్కో స్క్రీను తయారు చేయాలి. భూతద్దం పెట్టి చూడండి, అందులో రంగు పొరలు పొరలుగా ఉంటుంది. ఇంక్‌జెట్‌లో సన్నటి చుక్కలే.

రసీదురాణి: మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి, ఆయన డబ్బులు మాత్రం పోతాయి. ఖాళీగోడ గారూ, సంతకం చూసి మురిసిపోకండి. స్పానిష్ చిత్రకారుడు డాలీ అంతటివాడు ఖాళీ కాగితాల మీద వేలల్లో సంతకాలు పెట్టిచ్చాడు. ఇంకా ఏమేం అచ్చయ్యాయో తర్వాత ఎవరికి తెలుసు? 250 అంటే ఈ సైజులోనేనా? వేరే సైజులో ఇంకో ఎడిషన్ ఉందా? ఏ.పీ. అని రాసి, ఆ 250 లెక్కలో కలపకుండా ఆర్టిస్టు తనకోసం ఉంచుకునే ప్రూఫులు ఎన్ని? ఇవన్నీ రాసిచ్చి సంతకం పెట్టమనండి. నసిగితే వచ్చేయండి.

ఖాళీగోడ: అడిగాను. పెద్ద సైజులో ఇంకో వంద ఉన్నాయట, ప్రూఫులు పాతిక. కాగితం రాసిస్తామన్నారు. మా ఆవిడకి ఆ నీలం తెగ నచ్చింది. పదిహేను వేలకైతే తీసుకుంటామని చెప్పి వచ్చాం.

జింకురేకు: పదిహేను కూడా ఎక్కువే.

పిక్సెల్‌పంతులు: ఫ్రేము ఖర్చు మర్చిపోకండి. ప్రింటుకు ఆనించే అట్ట, అంటే మౌంటు, యాసిడ్-ఫ్రీది అడగండి, ఎండ తగలని గోడకి పెట్టండి.