పదిహేడేళ్లుగా నిలిచిపోయిన 1979 యెజ్డి: ఇంట్లోనే బాగు చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మల్కాజిగిరి యెజ్డి

మిత్రులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1979లో కొన్న యెజ్డి 250 బండి మల్కాజిగిరిలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో పదిహేడేళ్లుగా కదలకుండా ఉంది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసినన్నాళ్లూ డ్యూటీకి దాని మీదే వెళ్లారు. పదవీ విరమణ నాటికి మోకాళ్ల నొప్పితో కిక్ కొట్టడం కష్టమై, ఒకరోజు షెడ్డులో పెట్టి పాత దుప్పటి కప్పారు. రెండేళ్ల క్రితం ఆయన కాలం చేశారు. అమ్మేయమని అడిగినవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కానీ నాకు ఆ ఉద్దేశం లేదు. దాన్ని నా చేతులతో బాగు చేసి నడపాలని ఉంది.

ఇప్పుడు బండి పరిస్థితి ఇది. కిక్ రాడ్డు అసలు దిగడం లేదు. ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపల గోధుమరంగు తుప్పు పెచ్చులు కనిపిస్తున్నాయి. ఇంజిను ఎడమ వైపు కింద నల్లటి నూనె మరక ఉంది. హెడ్‌లైటు డూములో వైర్లను ఎలుకలు కొరికాయి. రంగు చాలావరకు కంపెనీదే. అయితే కుడి వైపు టూల్‌బాక్సు మూత మీద, నాన్నగారు టిఫిన్ క్యారియర్ వేలాడదీసిన చోట, ఏళ్ల తరబడి రాపిడికి రంగు పోయి అరచేతి వెడల్పున రేకు బయటపడింది.

నాకు తెలిసిన పని తక్కువ. నా స్కూటరుకు ప్లగ్గు, ఆయిలు నేనే మార్చుకుంటాను, అంతే. దొరికే సమయం ఆదివారాలు, వారంలో రెండు రాత్రులు. ముందుగా మొత్తం విప్పి రంగు వేయించాలా, లేక ఇంజినుతో మొదలుపెట్టాలా? ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు, ఏది బయట ఇవ్వాలి? ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. దాని సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: తార్నాక జోడు సైలెన్సర్లు

నమస్కారం అండీ. నేను 1974 నాటి యెజ్డిని మా అపార్ట్‌మెంటు సెల్లారులో పద్నాలుగు నెలల పాటు ఆదివారాలు కూర్చుని నడిపించాను కనుక, నేను చేసిన పొరపాటుతో సహా చెబుతాను. మొదటి నెలలోనే ఉత్సాహం కొద్దీ బండినంతా విప్పి ఫ్రేమును రంగుకు పంపాను. అది తిరిగి వచ్చాక ఇంజిను బిగిస్తే క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) దగ్గర గాలి లీకవుతున్నట్టు తేలి మళ్లీ దించవలసి వచ్చింది. ఆ దించడంలోనే కొత్త రంగు నాలుగు చోట్ల లేచిపోయింది. కాబట్టి ఇప్పుడున్న రంగుతోనే, ఇప్పుడున్న తుప్పుతోనే బండిని ముందు నడిపించండి.

కిక్ దిగడం లేదంటే చాలావరకు పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడకు పట్టేసి ఉంటాయి. ఈ బండిలో గేరు రాడ్డే కిక్ రాడ్డు కనుక, బలం పెట్టి తొక్కితే పోయేది కిక్ ఒక్కటే కాదు, లోపలి పళ్లూ షాఫ్టూ కూడా దెబ్బతింటాయి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి సగం డీజిలు, సగం టూస్ట్రోక్ ఆయిలు కలిపి ఒక టీ గ్లాసుడు పోయండి. వారం పది రోజులు అలాగే వదిలేసి, తగ్గినప్పుడల్లా కొంచెం పోస్తూ ఉండండి. తరువాత టాప్ గేరులో వేసి వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపండి. వెంట్రుకవాసి కదిలినా పని అయినట్టే. కదలకపోతే హెడ్డు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేసి విప్పి, పిస్టన్ మీద చెక్క ముక్క పెట్టి తేలికగా తట్టాలి తప్ప సుత్తితో నేరుగా కొట్టకూడదు.

పిస్టన్ కదిలిందని సంబరపడి వెంటనే పెట్రోలు పోసి స్టార్టు చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. నాలుగు స్ట్రోకుల ఇంజినులో అడుగున ఆయిలు నిలవ ఉంటుంది, మీ బండిది టూస్ట్రోక్ ఇంజిను, దానికి అది లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే క్రాంకు బేరింగులకు ఆధారం. బండి ఆగిన తరువాత ఆ పలుచటి పొర ఆరిపోయి, వానకాలపు తేమకు బేరింగుల గుండ్ల మీద తుప్పు చుక్కలు పడతాయి. క్రాంకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు (ఆయిలు, గాలి దాటకుండా ఆపే రబ్బరు వలయాలు) కూడా ఇన్నేళ్లలో గట్టిపడి పెంకుల్లా అయిపోతాయి. టూస్ట్రోక్ ఇంజినులో క్రాంకు గది ఒక పంపు లాంటిది. కార్బ్యురేటరు నుంచి వచ్చిన గాలి, పెట్రోలు మిశ్రమం అక్కడే ఒత్తిడికి గురై పైకి వెళ్తుంది. కుడి వైపు, అంటే డైనమో వైపు సీలు పోతే అక్కడి నుంచి వట్టి గాలి లోపలికి పోయి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిను కాగిపోయి పిస్టన్ పట్టేస్తుంది. ఎడమ వైపు, అంటే క్లచ్చు, ప్రైమరీ చైను ఉన్న వైపు సీలు పోతే అక్కడి ఆయిలును ఇంజిను పీల్చుకుని తెల్లటి పొగ వదులుతుంది. మీ ఎడమ వైపు మరక వట్టి ప్యాకింగు లీకు కూడా కావచ్చు, కానీ ఇంజిను ఎలాగూ విప్పుతారు కనుక రెండు సీళ్లూ మార్చేయండి.

ట్యాంకును ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చు. మిగిలిన పాత పెట్రోలంతా వంపేసి, ఆరుబయట రెండు రోజులు గాలికి ఉంచి, సబ్బునీళ్లతో కడగండి. లీటరు వేడినీళ్లకు 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచితే తుప్పు వదులుతుంది. తరువాత వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కొంచెం ఆయిలు కలిపిన పెట్రోలు లోపలంతా తిప్పాలి. ఆ చివరి పని ఆలస్యమైతే గంటలోనే కొత్త తుప్పు పడుతుంది. ట్యాంకుకు చిల్లు ఉంటే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

సామాను విషయం. యెజ్డిని తయారు చేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది కాబట్టి, ఇప్పుడు దుకాణాల్లో దొరికేది చాలావరకు వేరేవారు తయారు చేసినదే. 2022లో అదే పేరుతో తిరిగి వచ్చిన బండి కూలెంట్‌తో చల్లబడే 334 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజినుది, దాని సామాను మీకు పనికిరాదు. బేరింగులు, సీళ్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. పాత బేరింగు మీద ఉన్న నంబరు చూపిస్తే చాలు, బండి పేరు కూడా చెప్పనక్కరలేదు. కేబుళ్లు, పాయింట్లు (ప్లగ్గుకు నిప్పురవ్వను సమయానికి అందించే స్విచ్చు), రబ్బర్ల కోసం పుత్లీబౌలిలో ఓపికగా తిరగండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో నాకు ఒక అసలైన హెడ్‌లైటు రింగు దొరికింది కానీ, అది అదృష్టమే తప్ప లెక్కలో వేసుకోదగినది కాదు. ఎంత అరిగిన పాత భాగమైనా, కొత్తది బిగించి సరిపోయిందని తేలేదాకా పారేయవద్దు.

జవాబు: బాలానగర్ లేత్

పైన రాసినవారు ఇంజిను సంగతి బాగా చెప్పారు. నేను ముప్పై ఏళ్లుగా సిలిండర్లకు బోరింగు (అరిగిన లోపలి గోడను కోసి సమం చేయడం) చేస్తున్నాను కాబట్టి, బయట ఇవ్వవలసిన పనుల గురించి మాత్రమే చెబుతాను.

ఈ ఇంజిను అసలు బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75. బోరింగుకు వచ్చేవారిలో చాలామంది సిలిండరు ఒక్కటే పట్టుకొస్తారు, పిస్టన్ తరువాత కొంటామంటారు. అది సరైన పద్ధతి కాదు. ముందు పిస్టన్ కొని తేవాలి. దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగినంత సందు ఉండేలా సిలిండరును కోసి, ఆపైన హోనింగు (రాళ్లతో గోడను సాపు చేయడం) చేయాలి. ఒకే సైజు అని డబ్బా మీద ఉన్న రెండు పిస్టన్ల మధ్య కూడా తేడా ఉంటుంది. కోసిన తరువాత పోర్టుల (సిలిండరు గోడలోని దారుల) అంచులను సన్నని రాయితో మొద్దు చేయించడం మరచిపోకండి. ఆ అంచులు పదునుగా ఉంటే రింగు వాటికి తగిలి విరుగుతుంది. రింగు నోరు (రెండు కొసల మధ్య సందు) పిస్టన్ గాడిలోని చిన్న పిన్ను దగ్గరే కూర్చోవాలి, పిన్ను మీదికి ఎక్కితే సిలిండరు దిగదు. దిగకపోతే బలవంతం చేయవద్దు, పైకి తీసి మళ్లీ చూడండి.

క్రాంకు విప్పి కనెక్టింగ్ రాడ్డు మార్చడం, తిరిగి ప్రెస్సులో బిగించి క్రాంకు రెండు చక్రాలను ఒక వరుసకు తేవడం ఇంట్లో అయ్యే పని కాదు. రాడ్డును పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. నిలువు ఆట ఏ కొంచెం ఉన్నా క్రాంకు పనికి ఇవ్వాలి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, దానికి భయపడనక్కరలేదు. క్లచ్చు, డైనమో రోటరు తీయడానికి పుల్లరు (మర బిగించి భాగాన్ని బయటికి లాగే పనిముట్టు) వాడండి. స్క్రూడ్రైవరుతో ఎత్తి తీసినందువల్ల గాట్లు పడిన కేసింగులు వారానికి ఒకటైనా నా దగ్గరకు వస్తుంటాయి.

జవాబు: పాత నంబరు ప్లేటు

కాగితాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో బండిని తమ పేరు మీదికి మార్చుకోవాలి. మీకు ఆ గడువు దాటిపోయింది కనుక ఆలస్యపు రుసుము ఉంటుంది. అయినా ముందు ఆ పనే చేయండి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధంగా పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, ఆపైన ఐదేసి ఏళ్లకు ఉంటుంది. మీ బండికి అది ఎప్పుడో ముగిసి ఉంటుంది కాబట్టి ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. తనిఖీకి బ్రేకులు, హారను, లైట్లు పనిచేస్తూ ఉండాలి. అప్పటిదాకా రోడ్డెక్కించకండి, తీసుకెళ్లాల్సి వస్తే ట్రాలీ ఆటోలో తీసుకెళ్లండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. 2021 నిబంధనల ప్రకారం అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకే వర్తిస్తుంది. మీది 2029 దాకా ఆగాలి. పైగా వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా నడపకూడదు. మీరు నడపాలనుకుంటున్నారు కనుక అది మీకు సరిపడదని నా అభిప్రాయం.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఉన్న చోట గ్రైండరు గానీ, ముతక ఎమరీ గానీ తగలనివ్వకండి. ఫ్రేముకు పౌడర్ కోటింగు చేయిస్తే నంబరు మీద తప్పక టేపు వేయించండి, ఎందుకంటే ఆ పూత మందంగా కరిగి అక్షరాల గాడులను పూడ్చేస్తుంది. తనిఖీ అధికారికి నంబరు కనిపించకపోతే ఎంత మంచి బండి అయినా ప్రయోజనం ఉండదు.

జవాబు: తార్నాక జోడు సైలెన్సర్లు

రంగు గురించి చెప్పడం మరిచాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఆ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమకు రంగు తెల్లబారి మసకేస్తుంది. ఇక ఆ టూల్‌బాక్సు మూత విషయానికి వస్తే, దానికి మాత్రం ఎప్పటికీ రంగు వేయించకండి. మిగతా బండికంతా కొత్త రంగు వేయించినా సరే. తుప్పును సన్నని ఉక్కు పీచుతో ఆయిలు వేసి రుద్ది, పైన మైనం పూస్తే ఆ రేకు మరి కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. షోరూము నుంచి వచ్చినట్టున్న యెజ్డిలు చాలానే చూశాను. ఒక మనిషి ముప్పై ఏళ్లు అన్నం మోసుకెళ్లిన గుర్తు మీ బండి మీద తప్ప ఇంకెక్కడా లేదు.

పెట్రోలు సంగతి ఒకటి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసినది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందుకని పెట్రోలు పైపును, ట్యాంకు కాక్ (పెట్రోలు తెరిచి మూసే కుళాయి) వాషర్లను కొత్తవి వేయండి. బండిని రెండు వారాలకు మించి నిలపాలంటే కాక్ మూసి కార్బ్యురేటరులోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజిను నడిపి ఆపండి. ఆయిలు లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపండి. కొత్త పిస్టన్ అలవాటు పడేదాకా నేనైతే 50 వేస్తాను.

ప్రశ్న అడిగినవారి నుంచి, ఏడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే డీజిలు, ఆయిలు పోసి ఉంచితే తొమ్మిదో రోజు రాత్రి వెనుక చక్రంతో పాటు పిస్టన్ కదిలింది. అయినా స్టార్టు చేయలేదు, ఇంజిను దించాను. విప్పిన ప్రతి భాగాన్నీ ముందు ఫొటో తీసి, విడివిడిగా మిఠాయి డబ్బాల్లో పెట్టి పేర్లు రాశాను. డైనమో వైపు సీలు వేలితో నొక్కితే ముక్కలైపోయింది. ఎడమ వైపు సీలు కూడా గట్టిపడింది. క్రాంకుకు నిలువు ఆట లేదు కానీ ఒక బేరింగు తిప్పితే గరగరమంటోంది. మూడు బేరింగులు, రెండు సీళ్లు రాణిగంజ్‌లో ఒకే దుకాణంలో నంబర్లు చూపించి తెచ్చుకున్నాను.

నేను ఊహించనిది ఒకటి కనిపించింది. పిస్టన్ తల మీది మసి గీకితే 0.50 అన్న గుర్తు, అంటే అసలు సైజు కంటే అర మిల్లీమీటరు పెద్దదన్న గుర్తు, బయటపడింది. అంటే ఈ ఇంజినుకు ఇదివరకే ఒకసారి బోరింగు జరిగింది. అమ్మను అడిగితే, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాన్నగారు నెల రోజులు సైకిలు మీద డ్యూటీకి వెళ్లారని, ఇంజిను ముక్కలు వంటగది అటక మీద ఉండేవని చెప్పింది. ఆయన ఇంజిను విప్పారని నాకు ఇన్నేళ్లూ తెలియదు. అటక మీద వెతికితే గుడ్డలో చుట్టిన క్లచ్చు పుల్లరు దొరికింది, మరలు ఇంకా బాగున్నాయి. దానితోనే క్లచ్చు తీశాను.

సిలిండరు కొలిపిస్తే 66 మిల్లీమీటర్ల పిస్టన్‌కు వెళ్లాలన్నారు. పిస్టన్ ముందుగా కొన్నాను, సిలిండరుతో కలిపి నిన్న లేత్‌కు ఇచ్చాను. ఫారం 31 కోసం అమ్మ, చెల్లి సంతకాలు అయ్యాయి. ట్యాంకు కడగడం వచ్చే ఆదివారం. టూల్‌బాక్సు మూతను మైనం పూసి లోపలి బీరువాలో పెట్టాను. పాయింట్లు 0.4 మిల్లీమీటర్లకు పెట్టడం, వైరింగు కొత్తది వేయడం దగ్గరకు వచ్చాక మళ్లీ ఇక్కడే అడుగుతాను.