.38 రివాల్వర్‌కు గట్టి సీసం మేలా, మెత్తని సీసం మేలా?

హనుమకొండ, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు:

మా మేనల్లుడు అమెరికాలోని ఒహాయోలో ఉంటాడు. అక్కడ అనుమతి ఉన్నందున గురి పోటీలకు కావలసిన .38 స్పెషల్ తూటాలను ఖాళీ ఇత్తడి గుల్లల్లో తుపాకి మందూ సీసపు బుల్లెట్టూ పెట్టి తానే తిరిగి నింపుకుంటున్నాడు. పాత కార్ల చక్రాలకు తగిలించే సీసపు బిళ్ళలను కరిగించి బుల్లెట్లు పోస్తే, యాభై తూటాలు కాల్చేసరికి బ్యారెల్ లోపల సీసం పొరలుగా అంటుకుంటోందట. రాపిడికి అరిగేది మెత్తని లోహమే కనుక ఇంకా గట్టి మిశ్రమం వాడమని నేను చెప్పాను. వరంగల్‌లో లెటర్‌ప్రెస్సులు నడిచిన కాలంలో అచ్చు అక్షరాల లోహాన్ని చేతిలో పట్టుకుని చూసినవాణ్ణి. లైనోటైపు లోహంలో సీసం 84, ఆంటిమొని 12, తగరం 4 పాళ్ళు ఉంటాయి. శుద్ధ సీసం బ్రినెల్ కాఠిన్యం సుమారు 5 అయితే దానిది 22 దాకా ఉంటుంది. అయితే అతని క్లబ్బులోని పెద్దాయన ఒకరు, ఇంకా మెత్తని సీసం వాడమని దీనికి పూర్తిగా విరుద్ధమైన సలహా ఇచ్చారట. ఇందులో ఏది సరైనదో తెలిసినవారు వివరించగలరు.

కాజీపేటలో లోహశాస్త్రం చదివి, ప్రస్తుతం పెన్సిల్వేనియాలో ఉంటున్న సభ్యుడు:

సార్, నమస్కారం. మీ తర్కం రాపిడి వరకు సరైనదే కానీ, .38 స్పెషల్‌లో సీసం అంటుకోవడానికి చాలాసార్లు కారణం రాపిడి కాదు. బుల్లెట్ అడుగుకూ బ్యారెల్ గోడకూ మధ్య సందు ఉంటే, మండుతున్న వాయువు ఆ సందులోంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి, కరిగించి, ముందున్న గోడకు పూస్తుంది. మెత్తని బుల్లెట్ అయితే వెనుక నుంచి పడే ఒత్తిడికి అడుగు కొద్దిగా ఉబ్బి సందును తానే మూసేస్తుంది. ఈ తూటాకు నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లే కనుక, లైనోటైపు వంటి గట్టి లోహం ఆ ఒత్తిడికి ఉబ్బదు, సందు అలాగే మిగిలిపోతుంది. కర్మాగారాలు ఇదే తూటాకు గురి పోటీల కోసం అడుగు బోలుగా ఉన్న, దాదాపు శుద్ధ సీసపు బుల్లెట్లను ఏనాటి నుంచో చేస్తున్నాయి. అవి బ్యారెల్‌ను శుభ్రంగానే ఉంచుతాయి.

అందుకే కాఠిన్యం కంటే ముందు కొలత చూడాలి. బ్యారెల్ లోపలి మెలి గాడుల (రైఫ్లింగ్) వ్యాసం 0.357 అంగుళం ఉంటే బుల్లెట్ 0.358 ఉండాలి. రివాల్వర్‌లో ఇంకొక చిక్కు ఉంది: తూటాలు ఉంచే సిలిండర్ గదుల ముందు నోళ్ళు బ్యారెల్ కంటే ఇరుకుగా ఉంటే, బుల్లెట్ బ్యారెల్‌ను చేరకముందే నలిగి సన్నబడుతుంది. అప్పుడు ఏ మిశ్రమం పోసినా ఫలితం ఉండదు. సీసం ఎక్కడ అంటుకుందో మేనల్లుణ్ణి చూడమనండి. సిలిండర్ వైపు మొదట్లోనే ఉంటే కొలత లోపమని, మూతి దగ్గర ఉంటే బుల్లెట్ గాడిలోని మైనం దారి మధ్యలోనే అయిపోయిందని అనుకోవచ్చు.

హనుమకొండ అధ్యాపకుడు:

మీ వివరణ బాగుంది, అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. 1935లో .357 మాగ్నమ్ అనే శక్తిమంతమైన రివాల్వర్ తూటా వచ్చినప్పుడు కర్మాగారపు సీసపు బుల్లెట్లతోనే బ్యారెళ్ళు సీసం పట్టి పాడయ్యాయని చదివాను. మెత్తని సీసం తన సందును తానే మూసుకునేదైతే అక్కడ ఎందుకు విఫలమైంది?

పెన్సిల్వేనియా సభ్యుడు:

ఒత్తిడి మారింది కనుక విఫలమైంది. .357 మాగ్నమ్ గరిష్ఠ ఒత్తిడి 35,000 పౌండ్లు, అంటే మన తూటాకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆ ఒత్తిడిలో, ఆ వేగంలో మెత్తని సీసం రైఫ్లింగ్ గాడులను పట్టుకుని తిరగలేక జారిపోతుంది, మైనమూ నిలవదు. అక్కడ 15 దరిదాపుల కాఠిన్యమో, అడుగుకు తొడిగే చిన్న రాగి గిన్నెయో అవసరమవుతుంది. 9 మి.మీ. పిస్టల్ ఒత్తిడీ 35,000 వద్దే ఉంటుంది కనుక దానికీ ఇదే వర్తిస్తుంది. మీ మాట మాగ్నమ్‌కు సరిపోతుంది సార్, మేనల్లుడి చేతిలో ఉన్నది మాత్రం .38.

పెంబర్తి, లోహపు పని చేసే సభ్యుడు:

నాకు తుపాకుల సంగతి తెలియదు గానీ, కరిగిన లోహంతోనే మా బతుకు గడుస్తుంది కనుక ఒక మాట చెప్తాను. పోత పని చేసేవాడు గట్టిదనం కోసం తగరం కలపడు, అచ్చులోని సన్నని గీతలు నిండడానికి కలుపుతాడు. రెండు పాళ్ళ తగరానికే సీసం అచ్చు మూలమూలకూ పాకుతుంది; అంతకంటే ఎక్కువ పోస్తే డబ్బు దండగ. సార్, మీ మేనల్లుడు వాడే చక్రాల బిళ్ళల్లో ఇప్పుడు జింకువీ వస్తున్నాయి. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, జింకు 419 దాకా కరగదు. వేడి అదుపులో ఉంచి, పైకి తేలిన బిళ్ళలను గరిటెతో తీసెయ్యమనండి. జింకు కలిస్తే ఆ కుండలోని లోహమంతా పాడవుతుంది. పాత బ్యాటరీల పలకలను మాత్రం కరిగించవద్దని గట్టిగా చెప్పండి, వాటి నుంచి ప్రాణం తీసే విషవాయువులు రావచ్చు. నీటి చుక్క కరిగిన సీసంలో పడితే అది ముఖం మీదికి చిందుతుంది. వంటింటి పొయ్యి మీదా, వంట గిన్నెల్లోనూ ఈ పని అసలే చేయకూడదు.

కరీంనగర్, న్యాయవాది:

ఇక్కడ చదువుతున్న యువకుల కోసం ఒక విషయం స్పష్టం చేయాలి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయకూడదు. 2019 సవరణ తరువాత దానికి శిక్ష ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం వరకు ఉంది. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు నింపుకునే హక్కు రాదు.

హనుమకొండ అధ్యాపకుడు:

మంచి మాట చెప్పారు. ఇక తుపాకి మందు గురించి ఒక ప్రశ్న మిగిలింది. అతను వేగంగా మండే మందునే ఎంచుకున్నాడు, చాలా కొద్దిగా వేస్తే సరిపోతుంది కనుక ఒక డబ్బా చాలాకాలం వస్తుందంటున్నాడు.

పెన్సిల్వేనియా సభ్యుడు:

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఆ పొదుపే సార్. .38 స్పెషల్ 1898 నాటిది. నల్ల తుపాకి మందు కాలపు కొలతలతో పుట్టింది కనుక దాని గుల్ల విశాలంగా ఉంటుంది. నేటి వేగపు మందు అందులో అడుగున కొద్దిగా మాత్రమే ఉంటుంది; పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొంగదు, చూడగానే తేడా కూడా తెలియదు, కాల్చినప్పుడు సిలిండర్ పగలవచ్చు. నేర్చుకునేవాడు గుల్లలో ఎక్కువ చోటు నింపే ఉబ్బు మందును ఎంచుకోవాలి, రెండోసారి పోస్తే అది పొర్లి తనంతట తానే తప్పును బయటపెడుతుంది. మరీ నెమ్మదిగా మండే మాగ్నమ్ మందులను తయారీదారు చెప్పిన కనిష్ఠం కంటే తగ్గించకూడదు, అవి సరిగా అంటుకోకపోతే బుల్లెట్ బ్యారెల్‌లోనే చిక్కుకుంటుంది. అది గమనించక మరొకటి పేలిస్తే బ్యారెల్ చీలవచ్చు. కొలతలను ఆ మందు తయారీదారు పుస్తకంలో, సీసపు బుల్లెట్ల పట్టికలోనే చూడాలి తప్ప స్నేహితుల మాట మీద వేయకూడదు.

నేను యాభై గుల్లలను చెక్క పలక మీద వరుసగా నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చి వేసి ప్రతిదాని లోపలా చూస్తాను. పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా ఆ పని మానలేదు.

హనుమకొండ అధ్యాపకుడు:

నిన్న రాత్రి అతనితో మాట్లాడాను. సీసం సిలిండర్ వైపే అంటుకుందట. గదుల నోళ్ళు కొలిపిస్తే బ్యారెల్ కంటే ఇరుకుగా ఉన్నాయని తేలింది, వాటిని సరిచేసే పనివాడికి రివాల్వర్ అప్పగించాడు. గట్టి మిశ్రమం మాట నేను వెనక్కి తీసుకున్నాను. మందు డబ్బా విషయంలో ఇంకా వాదిస్తున్నాడు. మీ టార్చి సంగతి ఈ రోజు మళ్ళీ ఫోన్ చేసి చెప్తాను.