పబ్లిక్ హియరింగ్‌కి 19 రోజులే ఉంది, మా కాలనీవాళ్లను ఎలా కూడగట్టాలి?

టైలరక్క:

అందరికీ నమస్తే. బొల్లారం దాటాక ఒక కాలనీలో చిన్న టైలరింగ్ షాపు నాది. మొన్న ఒకావిడ జాకెట్ కటింగ్‌కి పాత పేపర్ పరిచి చాక్‌తో గీత గీయబోతుంటే ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని కనిపించింది. మా వెనకున్న మందుల కంపెనీని ఇంకా పెంచుతారట. ఆ పేపర్ వచ్చి అప్పటికే పదకొండు రోజులు. నేను చూడకపోయి ఉంటే దాని మీద చంక భాగం కట్ చేసి పడేసేదాన్నే.

వాసన గురించి చెప్తాను. పగలు ఉండదు. రాత్రి ఒంటిగంట దాటాక వస్తుంది, వాన పడే రోజు తప్పకుండా వస్తుంది. తడి గోనెసంచి కాల్చి దాని మీద నెయిల్ పాలిష్ ఒంపితే ఎలా ఉంటుందో అలా. పిల్లలు దగ్గుతూ లేస్తారు. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే ఇది. రెండేళ్ల నుంచి బోరు నీళ్లు తాగడం మానేశాం, క్యాన్లు కొంటున్నాం.

పక్కవాళ్లను అడిగితే తలా ఒక మాట. సొంతిళ్లవాళ్లేమో పేపర్లో పడితే ప్లాటు రేటు పడిపోతుందంటారు. కిరాయికి ఉన్నవాళ్లలో సగంమంది పని అక్కడే. మా మరిది కూడా ప్యాకింగ్‌లో చేస్తాడు. మా అత్తమ్మ అయితే “కంపెనోళ్లు నీకు జవాబు చెప్తరా, నీ పని నువ్వు చూస్కో” అంటుంది. పోయినసారి ఫోన్‌లో ఫిర్యాదు చేశాను, మర్నాడు మధ్యాహ్నం ఎవరో వచ్చి చూసి “వాసన ఏం లేదు కదమ్మా” అని వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఎందుకుంటుంది?

ఆ హియరింగ్‌లో మాలాంటివాళ్లు మాట్లాడొచ్చా? ఎవరిని తీసుకెళ్లాలి, ఏం అడగాలి? పదో తరగతి చదివాను, ఇంగ్లీషు రిపోర్టులు నాకు రావు.

సగం వకీలు:

అక్కా, మాట్లాడొచ్చు. నేను వకీలును కాను, ఇలాంటి హియరింగ్‌లు మూడింటికి వెళ్లినవాణ్ని, అంతే. 2006 నాటి ఈఐఏ (పర్యావరణం మీద ప్రభావం అంచనా వేయడం) నోటిఫికేషన్ కింద జరుగుతుందిది. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. నోటీసు కనీసం 30 రోజుల ముందు ఇవ్వాలి, అందుకే మీకు ఇంకా 19 రోజులు మిగిలాయి. ఫ్యాక్టరీ ముందే అనుమతులున్న ఇండస్ట్రియల్ ఎస్టేట్ లోపల ఉంటే ఈ హియరింగే ఉండకపోవచ్చు. మీకు నోటీసు వచ్చిందంటే అది బయట ఉన్నట్టు.

రేపే చేయాల్సింది ఒకటుంది. ఆ ప్రభావం మీద తయారుచేసిన ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, మున్సిపల్ ఆఫీసులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెట్టాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. వెళ్లి అడగండి. “ఇంకా రాలేదు” అంటే, ఆ మాటే రాసిన అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. అది కూడా అభ్యంతరమే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హియరింగ్‌కి కోరం లేదు. ఎవరూ రాకపోయినా జరిగిపోతుంది, ఫలానా ఊళ్లో అభ్యంతరాలు రాలేదని కాగితంలో ఉంటుంది. పైగా అది ఓటింగ్ కూడా కాదు. వందమంది వద్దన్నారని ఆగదు, పదిమంది కావాలన్నారని ఆమోదం అయిపోదు. అందుకే “వద్దు వద్దు” అని అరిస్తే వీడియోలో గోల తప్ప ఏం మిగలదు. రోజుకు ఎన్ని వేల లీటర్ల నీళ్లు కావాలి, అవి ఎక్కడివి, వాడిన నీళ్లు ఎటు పోతాయి, ట్యాంకర్లు ఏ రోడ్డున ఏ టైముకు వెళ్తాయి అని అడిగితే జవాబు రాసుకోక తప్పదు.

కంపెనీ బస్సులు పెట్టి మనుషుల్ని తెస్తుంది, బిర్యానీ కూడా ఉంటుంది. మొదటి మూడు వరుసలు వాళ్లతో నిండిపోతాయి. మీరు గంట ముందే వెళ్లి కూర్చోండి.

మీ దగ్గర వాసన గురించి రాతపూర్వకంగా ఏమైనా ఉందా?

టైలరక్క:

ఏం లేదన్నా. కొలతల పుస్తకం ఒకటుంది. శ్రావణంలో పెళ్లిళ్లకి రాత్రి రెండు వరకు కుడుతుంటాను కదా, వాసన వస్తే ఆ పేజీ అంచున తేదీ, టైము రాసుకునేదాన్ని. ఎందుకంటే ఆ రోజు తలనొప్పి వచ్చి హుక్కులు తప్పు కుట్టేదాన్ని, తర్వాత కస్టమర్ వచ్చి అడిగితే గుర్తుండాలని. అది ఎవరికి పనికొస్తుంది?

సగం వకీలు:

అక్కా, అంతకంటే మంచి రుజువు నేను చూడలేదు. పక్కనే నడుము 34 అని ఉన్న పేజీలో “రాత్రి 1.20 వాసన” అని ఉంటే, కేసు కోసం అల్లినదని ఎవరంటారు? ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వొద్దు. ఫొటోలు తీసి పెట్టుకోండి, కస్టమర్ల పేర్లు కనిపించకుండా చేయండి, అంతే. ఇప్పటి నుంచి ఇంకో ఇద్దరు ముగ్గురు వేర్వేరు గల్లీల్లో అలాగే రాయాలి, గాలి ఎటు నుంచి వీస్తుందో కూడా.

నైట్ షిఫ్ట్:

నేను ఆ లైన్‌లోనే ఓ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాను. ఏ ఫ్యాక్టరీ అని అడగొద్దు. అన్నా, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి, కానీ ఇలాంటి మీటింగుల్లో మా సంగతి ఎవరికీ పట్టదు. “మూసేయండి” అని మైకులో ఒకాయన అంటాడు, వెళ్లిపోతాడు. మాకు 16 వేలు వస్తాయి, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి. ఆ వాసన మొదట పీల్చేది మేము, మీకంటే పది గంటల ముందు నుంచి.

స్క్రబ్బర్ అనేది ఒకటుంటుంది, పొగలోని ఘాటును నీళ్లతో, క్షారంతో కడిగేది. అది నడిస్తే కరెంటు ఖర్చు, కెమికల్ ఖర్చు. ఏది ఎప్పుడు నడుస్తుందో, ఏది ఎప్పుడు ఆగుతుందో మాకు తెలుసు, సంతకం మాత్రం పెట్టం. పెడితే మర్నాడు గేటు దగ్గర కార్డు పనిచేయదు. అక్కా, మీ మరిదిని హియరింగ్‌కి లాగొద్దు, ఇది నా మనవి. “రాత్రి స్క్రబ్బర్ నడిచిన రికార్డు చూపించండి, కరెంటు మీటర్ రీడింగ్‌తో సహా” అని మీరే అడగండి. ఎవరు చెప్పారని అడిగితే పేపర్లో చదివానని చెప్పండి.

పటాన్‌చెరు పెద్దాయన:

తల్లీ, మాది పటాన్‌చెరు వైపు. మా నాన్న వరి వేసిన మడి ఇసుకవాగు పక్కన ఉండేది. వాగులో నీళ్ల రంగు మారితే పొద్దున్నే అందరం గట్టు మీద నిలబడి చూసేవాళ్లం. 1990లోనే మా ప్రాంతపు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో రిట్ పడింది. 1994లో ఫ్యాక్టరీల మురుగు నీళ్లకు ఉమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టారు, ఇక అయిపోయిందనుకున్నాం. అవలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అదే ప్లాంటు నుంచి శుద్ధయి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు కనిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అది శుద్ధి చేశాక మిగిలింది!

మా డాక్టర్ కిషన్ రావు గారు గుర్తొస్తారు. ఈ కాలుష్యం మీద దశాబ్దాలపాటు పట్టువదలకుండా పోరాడారు, 2022లో పోయారు. ఆయనతో తిరిగినవాళ్లకు ఒకటి బాగా వంటబట్టింది, వట్టి మాటతో ఏ ఆఫీసులోనూ పని జరగదని. మా నాన్న ఎండిన నారు తీసుకెళ్లి చూపిస్తే ఎవరూ కదల్లేదు, తేదీలు వేసిన అర్జీల కట్ట చూపిస్తే కుర్చీ వేశారు. (ఆ కట్ట ఎలుకలు కొట్టేశాయి, అది వేరే కథ.)

ఒక చిన్న సలహా. ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టినప్పుడు సొంతిళ్లవాళ్లతో మొదలుపెట్టకు. నీ దగ్గరికి జాకెట్లకు వచ్చే ఆడవాళ్లతో మొదలుపెట్టు. వాళ్లు నీ మాట వింటారు, అలవాటుంది. ప్లాటు రేట్ల సంగతి వాళ్లే ఇంట్లో చూసుకుంటారు.

సగం వకీలు:

పెద్దాయన చెప్పింది నిజం. తర్వాతి దశకు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. పర్యావరణ అనుమతి వచ్చేస్తే, దానిమీద నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి (పర్యావరణ కేసులు చూసే కోర్టులాంటిది) అప్పీలు 30 రోజుల్లో చేయాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. మన బెంచి చెన్నైలో ఉంది. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుకి మామూలుగా పది రూపాయలు, జవాబు 30 రోజుల్లో. హియరింగ్ లోపు అందదు, కానీ నడుస్తున్న ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్ (నడపడానికి అనుమతి) ఉత్తర్వు, తనిఖీ నివేదికలు ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

టైలరక్క:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. హియరింగ్ అయిపోయింది.

జాకెట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లకి ఒక్కొక్కరికి చెప్పాను. నలభై రెండు మంది వచ్చారు, చంకలో పిల్లలతో సహా. గంటన్నర ముందే వెళ్లాం, అయినా మొదటి వరుసలు అప్పటికే నిండిపోయాయి. తెలుగు సారాంశం అయితే దొరికింది. “చుట్టుపక్కల జనావాసాలకు గణనీయమైన ప్రభావం ఉండదు” అని ఉంది. మా కాలనీ పేరే లేదందులో!

నా వంతు వచ్చేసరికి గొంతు ఎండిపోయింది. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను, మే నెల నుంచి 61 రాత్రులు. మధ్యలో “ఇరవై ఎనిమిది, చేతి పొడవు” అని కూడా చదివేశాను, అందరూ నవ్వారు, కలెక్టరాఫీసు మేడమ్ కూడా. ఆ నవ్వుతో భయం పోయింది. స్క్రబ్బర్ రికార్డు అడిగాను. కంపెనీ తరఫున వచ్చినాయన తర్వాత ఇస్తామన్నాడు. నేను “ఎప్పుడు?” అన్నాను. అది రాశారు.

చివర్లో కార్యవాహి, అంటే ఎవరేం మాట్లాడారో రాసింది, చదివి వినిపించారు. అందులో “కొందరు మహిళలు వాసన గురించి ప్రస్తావించారు” అని ఒక్క ముక్క ఉంది. సగం వకీలన్నా, మీ మాటలకు అలవాటుపడ్డానేమో, నేను లేచి నిలబడి 61 రాత్రులు, తేదీలతో సహా అని రాయమన్నాను. పది నిమిషాలు వాదించాక చేతితో రాసి చేర్చారు. మా అత్తమ్మ వెనక నుంచి “ఇంకా గట్టిగ చెప్పు” అంటోంది!

మరిది ఉద్యోగం ఇప్పటికైతే ఉంది. ఇంట్లో ఎవరం దాని గురించి మాట్లాడటం లేదు.

కార్యవాహి కాపీ మున్సిపల్ ఆఫీసులో అడిగితే ఇంకా రాలేదన్నారు. సోమవారం ప్రజావాణి (అర్జీలు తీసుకునే) రోజు సంగారెడ్డి కలెక్టరేట్‌కే వెళ్లి అడుగుతాను. బొల్లారం వైపు నుంచి ఆ రోజు ఇంకెవరైనా వెళ్తుంటే చెప్పండి, నలుగురమైతే ఆటో కిరాయి పంచుకోవచ్చు.